కోల్డ్ స్టోరేజీలో ఒక గ్రాఫిక్స్ కార్డు

పదహారేళ్ళుగా నేను గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్వైజరుగా చేస్తున్నాను. లోపలికి వచ్చే ప్రతి మిర్చి టిక్కీ, అంటే ఎండుమిర్చి కుక్కిన గోనెసంచి, నా చేతి మీదుగా పోవాల్సిందే. సంచి పక్కన కాస్త కోసి, మధ్యలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయ లాగుతాను. విరిచి చూస్తాను, వాసన చూస్తాను, చెవి దగ్గర పెట్టి ఆడిస్తాను. గింజ గలగలమంటే ఎండినట్టు, చప్పుడు లేకపోతే తేమ ఉన్నట్టు. పైన మంచి కాయ పరిచి అడుగున తెల్లబోయిన తాలు కాయ నింపితే, నేను చెయ్యి పెట్టకుండానే చెప్పేస్తానని మా హమాలీలు అంటుంటారు. అది నిజం కాదు. అయినా నేనెప్పుడూ కాదనలేదు. ఇంతటి చెయ్యి ఉన్న మనిషి ఒక గ్రాఫిక్స్ కార్డు కొనబోయి ఎలా నవ్వులపాలయ్యాడో తెలియాలంటే ముందు ఆ చెయ్యి సంగతి తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

నా స్నేహితుడొకడు చీమకుర్తిలో ఉంటాడు. చీరాలలో ఇంజనీరింగు చదివే రోజుల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. చదివామని చెప్పుకోవాలి గానీ, ఎక్కువ కాలం కాలేజీకి ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కార్ల పందేలు ఆడాం. వాడు గెలిచేవాడు. నేను నా కంప్యూటరు మంచిది కాదని చెప్పేవాణ్ణి. ఆ తర్వాత వాడు గ్రానైటు కోసే యూనిట్లో లోడింగు చూసే పనిలో చేరాడు, నేను మిర్చిలో పడ్డాను. ఈ ఏడాది ఫిబ్రవరిలో లారీలోకి ఎక్కిస్తున్న పలక ఒకటి జారి వాడి తుంటి విరిగింది. ఒంగోలులో ఆపరేషను చేశారు. నేను ఆసుపత్రికి ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. నాలుగు నెలలు నడవకూడదన్నారు.

రోజంతా లారీల మధ్య నిలబడి అరుపులతోనే మాట్లాడే మనిషి వాడు. ఇంటికి తీసుకెళ్ళాక ఫోను చేస్తే, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడాడు. "పైకప్పు తప్ప ఏం కనపడట్లేదు రా. దాని పగుళ్ళన్నీ నాకు కంఠతా వచ్చేశాయి," అన్నాడు. ఆ గొంతు విని నాకు భయం వేసింది.

అప్పటికి వాడి బావమరిది ఒక ల్యాప్‌టాప్ తెచ్చిపెట్టాడు. అందులో పెద్ద పెద్ద లారీలు తోలుకుంటూ మంచు కురిసే దేశాల్లో సరుకు దించి వచ్చే ఆట ఒకటి ఉంది. వేరే వేరే ఊళ్ళలో కూర్చున్నవాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు లారీలు తోలుకుంటూ పోవచ్చు. లారీ పక్కనే తుంటి విరగ్గొట్టుకున్నవాడికి మళ్ళీ లారీల ఆటేమిటని నేను అడగలేదు. "నువ్వు కూడా రా. ఒక్కణ్ణే తోలుతుంటే ఏం బాగాలేదు," అన్నాడు. వస్తానని మాటిచ్చాను. వాడు మంచం మీద ఉన్న ఆ నాలుగు నెలల్లో నేను చెయ్యగలిగిన మంచిపని అదొక్కటే అనిపించింది.

చిక్కల్లా మా ఇంట్లో కంప్యూటరుతో వచ్చింది. అది తొమ్మిదేళ్ళ నాటిది. ఆట తెరిచి లారీ స్టార్టు చేస్తే, దుక్కి మధ్యలో కూలబడ్డ ఎద్దులాగా కదలనని భీష్మించుకుంది. బొమ్మల్ని గబగబా గీసి తెర మీదకి పంపే గ్రాఫిక్స్ కార్డు ఒకటి వెయ్యాలన్నారు. ఆ మాటే వాడికి చెప్పాను. "ఏదో ఒకటి కొనెయ్యరా. ఈ ఆటకి చిన్నదైనా చాలు," అన్నాడు. ఇంకెవరైనా అయితే ఆ వారంలోనే కొనేసి, ఆదివారం నాటికి లారీ ఎక్కేవారు. నేను మాత్రం, సరుకు చూసే పని నాకు వదిలెయ్యి అన్నాను.

కొత్త తరం కార్డులు చూశాను. ధర వింటే గుండె జారింది. వాటికి ముందు తరం కార్డులు చాలా తక్కువకి దొరుకుతున్నాయి, అదే పని దాదాపు అంతే బాగా చేస్తున్నాయి. ఆ సంగతి చదవగానే నాకు ఒళ్ళు పులకరించింది, ఎందుకంటే ఇది నా సొంత విద్య. నిరుడు పండిన కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఈ ఏడాది తీస్తే దాన్ని మా దగ్గర ఏసీ కాయ అంటారు. రంగు నిలిచిన ఏసీ కాయ కొత్త కాయకేమీ తీసిపోదు. కొత్త కాయ మిర్చి యార్డులో దిగిన రోజుల్లో దాన్ని అడిగేవాడుండడు, తెలిసినవాడు అప్పుడే కొంటాడు. పాత తరం కార్డు కూడా ఏసీ కాయే కదా, దాన్ని నాకంటే బాగా చూడగలిగినవాడు ఈ జిల్లాలో ఎవడని అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు నేనే ఇప్పటికీ రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

ఒక నోటుబుక్కు పెట్టాను. కార్డుకి సొంత మెమరీ ఎంత, కరెంటు ఎంత తాగుతుంది, ఎంత వేడెక్కుతుంది, ఏ ఆటని సెకనుకి ఎన్ని బొమ్మల చొప్పున నడుపుతుంది అని గళ్ళు గీశాను. గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో మాట్లాడే కుర్రాళ్ళ వీడియోలు సగం వేగంలో పెట్టుకుని విన్నాను. బిట్‌కాయిన్ లాంటి కంప్యూటరు నాణేలు తవ్వడానికని కొన్ని కార్డుల్ని ఏళ్ళ తరబడి ఆపకుండా నడిపి, తర్వాత తుడిచి అమ్ముతారని తెలిసింది. అలాంటివాటికి నా పుస్తకంలో ఎర్ర సిరాతో తాలు అని రాశాను. సీజను కావడంతో పనిలో ఊపిరాడేది కాదు. సాయంత్రం ఐదింటికి టీ తాగే పావుగంట మాత్రం నాది. రోజూ ఆ వేళకి వాడికి ఫోను చేసి ఆ రోజు చూసిన కార్డుల గుణగణాలు చదివి వినిపించేవాణ్ణి. పావుగంట కాస్తా ముప్పావుగంటయ్యేది.

మొదటి వారం వాడు ఊ కొట్టి, బాగానే ఉంది కొనెయ్ అనేవాడు. రెండో వారం నుంచి మనిషి మారాడు. నేను ఒకటి ఖాయం చేసుకున్నానంటే, "దానికి మెమరీ ఎనిమిది జీబీయేగా ఉంది? మంచు రోడ్ల మీద చాలదేమో," అన్నాడు. అది నాకు తట్టనే లేదు. పన్నెండు ఉన్నది వెతికితే, ఫ్యాను మోత ఎక్కువని ఎవరో రాశారన్నాడు. మోత లేనిది దొరికితే, మీ ఇంటి కరెంటుకి అది ఆగదన్నాడు. ఒకసారి ఇక కొనేస్తున్నానని చెప్పాను. "తొందరపడకు. కొత్త తరంలో ఇంకోటి దిగుద్దంటున్నారు. అది దిగితే దీని ధర ఇంకా పడుద్ది," అన్నాడు. రైతులకి నేను చెప్పే మాటే నాకు అప్పజెప్పాడు. నా సావాసంతో వీడికి కూడా సరుకు చూసే చూపు అబ్బిందని మురిసిపోయి, ఆ రోజు హమాలీలందరికీ టీ ఇప్పించాను.

అలా నలభై రోజులు గడిచాయి. మా ఆవిడ ఒక రోజు నా నోటుబుక్కు తిరగేసి, "పెళ్ళిచూపుల్లో నన్ను పది నిమిషాల్లో ఖాయం చేశారు. దీనికి ఇన్నాళ్ళా?" అంది. నీ గురించి ఎవరూ రివ్యూలు రాయలేదు కదా అన్నాను. ఆ పూట అన్నంలోకి పచ్చడి మాత్రమే ఉంది.

చివరికి కార్డు సత్తెనపల్లిలో దొరికింది. పురుగుమందుల కొట్టు మీద మేడలో గేమింగ్ సెంటరు నడిపిన ఒకాయన, అందరూ ఫోన్లలోనే ఆడుతున్నారని మూసేస్తూ కార్డులు అమ్ముతున్నాడు. ఎండలో బండి మీద వెళ్ళాను. కార్డు చేతిలో పెట్టగానే బరువు చూశాను, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కాలిన వాసన లేదు. మరమేకుల మీద గీతల్లేవు, అంటే ఎవరూ విప్పలేదు. ఫ్యాను రేకుల మధ్య మాత్రం తెల్లగా దూది పేరుకుంది. పక్కనే పత్తి జిన్నింగు మిల్లు ఉందని, ఈ వీధిలో ఏ ఫ్యానైనా దూదే పీలుస్తుందని చెప్పాడు. అరగంట సేపు కార్డుని పూర్తి జోరుతో నడిపించమన్నాను. నడిపించాడు. నేను దాని వీపు మీద అరచెయ్యి ఆనించి, వేడి ఎక్కడ ఆగుతుందో చూస్తూ నిలబడ్డాను. మచ్చ లేని సరుకు. ఇప్పటికీ చెబుతాను, ఎంపికలో నేను పొరబడలేదు.

డబ్బిచ్చి బయల్దేరుతుంటే ఆయన, "వేడే దీనికి శత్రువండీ. చల్లగా ఉంచుకోండి, ఏళ్ళ తరబడి వస్తుంది," అన్నాడు. ఆ ఒక్క మాట ఆయన అనకుండా ఉంటే బాగుండేది.

అక్కణ్ణుంచే వాడికి ఫోను చేశాను. "అయితే కొనేశావా?" అన్నాడు. కొనేశానన్నాను. మంచిదే అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడి గొంతుతో. తన ల్యాప్‌టాప్ కంటే నాది మంచిదైపోతుందని కుళ్ళుకుంటున్నాడని అర్థం చేసుకున్నాను. నా తెలివి అంత గొప్పది.

కార్డు వచ్చింది గానీ, దానికి సరిపడా కరెంటు అందించే పవర్ సప్లై మా కంప్యూటర్లో లేదు. కొత్తది తెప్పిస్తే పన్నెండు రోజులు పడుతుందన్నారు. ఈలోపు కార్డు ఎక్కడ పెట్టాలి? అది మే నెల. మాది పై అంతస్తు, మధ్యాహ్నానికి గోడలు కాలతాయి. పైగా ఆవకాయ రోజులు. మా ఆవిడ హాల్లో దుప్పటి పరిచి కారం, ఆవపిండి కలుపుతోంది, ఇంట్లో ఎవరు నడిచినా తుమ్ముతున్నారు. ఆ కారమంతా ఫ్యానులోకి పోతే? వేడే శత్రువన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఈ నేల మీద ఇంకొకరికి వచ్చి ఉండదు. కార్డుని పాలిథీన్ కవర్లో పెట్టి, గుడ్డసంచిలో చుట్టి, మా కోల్డ్ స్టోరేజీకి పట్టుకెళ్ళి మూడో ఛాంబర్లో తేజ రకం టిక్కీల వరస మీద పెట్టాను. సంచి మీద సుద్దతో లాటు నంబరు కూడా వేశాను. నిరుటి కాయ, నిరుటి కార్డు ఒకే చోట భద్రంగా పడుకున్నాయని తృప్తిగా తలుపు వేశాను.

ఆ పన్నెండు రోజుల్లో వాడికి రెండుసార్లే ఫోను చేశాను. మాట్లాడుకోవడానికి ఇంకేముంది, కార్డు దొరికింది కదా.

పవర్ సప్లై శనివారం వచ్చింది. ఆదివారం పదకొండింటికి లారీలు బయల్దేరాలని వాడితో అనుకున్నాం. పదింటికి ఛాంబర్లోకి వెళ్ళి సంచి తీసుకుని, బండి డిక్కీలో పెట్టుకుని, ఎండలో ఇల్లు చేరాను. కవరు విప్పాను. కార్డు ఐసులాగా చల్లగా ఉంది. చూస్తుండగానే దాని మీద సన్నగా తడి పట్టింది, చల్లటి సోడా సీసా మీద పట్టినట్టు. ఏసీలో పెట్టిన ఫలితం, ఎంత చల్లగా ఉందో చూడమని మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. పైపైన తువ్వాలుతో తుడిచి, కంప్యూటర్లో బిగించి, స్విచ్చి వేశాను. ఫ్యాన్లు ఒక చుట్టు తిరిగాయి. చిట్ మని శబ్దం వచ్చింది. సత్తెనపల్లిలో నేను ఎంత పీల్చినా దొరకని కాలిన వాసన అప్పుడు దొరికింది.

మా కోల్డ్ స్టోరేజీ బయటి హాల్లో గోడ మీద ఒక బోర్డు ఉంది. పెద్ద అక్షరాలతో రాసింది నేనే. చల్లటి సరుకుని బయటికి తీసి వెంటనే విప్పితే గాలిలో చెమ్మ దాని మీద పట్టి, కాయ రంగు పోతుంది. అందుకే ఒక రోజంతా హాల్లో ఉంచి, మామూలు వేడికి వచ్చాకే విప్పాలి. తొందరపడి సంచి విప్పిన రైతుల్ని పదహారేళ్ళుగా తిడుతున్నాను. నెల క్రితమే ఒక పెద్దాయన్ని బోర్డు ముందు నిలబెట్టి, చదువు రాదా అని అడిగాను. కాలిన కార్డు చేతిలో పట్టుకున్నప్పుడు ఆయన ముఖమే కళ్ళ ముందు మెదిలి సిగ్గుతో చచ్చిపోయాను.

పదకొండింటికి వాడి ఫోను వచ్చింది. ఎత్తలేదు. చిన్న సమస్య వచ్చింది, తర్వాత చేస్తానని మెసేజి పెట్టాను. సోమవారం బాగుచేసే షాపుకి తీసుకెళితే అతను కార్డుని అటూ ఇటూ తిప్పి, నీళ్ళలో పడిందా అండీ అని అడిగాడు. ఏమోనండీ అన్నాను. ఇక దీనికి ఆశ లేదన్నాడు. వాడికి ఫోను సోమవారం చెయ్యలేదు, మంగళవారం చెయ్యలేదు. నలభై రోజులు సరుకు చూస్తూ గడిపి, తీరా ఇది జరిగిందని వాడికి ఏ ముఖంతో చెప్పను?

బుధవారం మధ్యాహ్నం వాడి భార్య ఫోను చేసింది. "అన్నయ్యా, మీకూ ఆయనకీ ఏమన్నా మాట తేడా వచ్చిందా?" అంది. లేదమ్మా, కార్డు కాలిపోయిందన్నాను. ఏ కార్డండీ అని అడిగింది. నేను నలభై రోజులు తలకెత్తుకున్న వస్తువు గురించి ఆ ఇంట్లో ఆమెకి తెలియనే తెలియదు. ఆమెకి తెలిసింది ఐదింటి ఫోను. రోజూ అరగంటైనా మంచం అంచున కాళ్ళు దించి కూర్చోవాలని, లేకపోతే నడక రావడం కష్టమని ఫిజియోథెరపీ చేసే ఆయన చెప్పాడట. నొప్పికి వీడు ఎవరి మాటా వినేవాడు కాదట. "మీ ఫోను వచ్చే టైముకి మాత్రం తనంతట తనే లేచి కూర్చునేవారండీ. మీరు మాట్లాడినంతసేపూ కూర్చునేవారు. పొద్దుట్నుంచీ ఆ ల్యాప్‌టాప్‌లో ఏంటేంటో వెతికి, మిమ్మల్ని ఏమడగాలో కాగితం మీద రాసుకునేవారు. ఆదివారం నుంచి గోడవైపు తిరిగి పడుకున్నారు. లేవమంటే లేవట్లేదు," అంది.

ఐదింటికి నా టీ గ్లాసు పక్కన పెట్టి ఫోను చేశాను. ఛాంబరు, సుద్దతో వేసిన లాటు నంబరు, తువ్వాలు, అన్నీ దాచకుండా చెప్పాను. వాడు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"మీ హాల్లో ఒక బోర్డు ఉంటదిగా. ఏం రాశావు దాని మీద?" అన్నాడు.

ఎదురుగా గోడ మీదే ఉంది. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. వాడు నవ్వడం మొదలుపెట్టాడు. తుంటి నొప్పికి అబ్బా అబ్బా అంటూనే నవ్వాడు. లారీల మధ్య నిలబడి అరిచే ఆ గొంతు మూడు నెలల తర్వాత మళ్ళీ విన్నాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వాడి నవ్వు ఆగాక అడిగాను. "ముందు ఏదో ఒకటి కొనెయ్యమన్నావు గదరా. మళ్ళీ అన్ని వంకలెందుకు పెట్టావు?"

"కొనేస్తే నువ్వింక ఫోన్ చెయ్యవుగా," అన్నాడు.

వాడన్నది నిజమే, కొన్నాక నేను చేసింది రెండుసార్లే. ఆసుపత్రి నుంచి వచ్చాక వాణ్ణి చూడడానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు, సీజను అనీ, కార్డు చూడాలనీ. పైన పరిచిన కాయ చూసి సంచంతా అదే అనుకుని మోసపోయినవాళ్ళని ఎంతమందిని ఎగతాళి చేశానో లెక్కలేదు. నలభై రోజులు వాడు పెట్టిన వంకలన్నీ కార్డు గురించే అనుకున్నాను, అడుగుకి చెయ్యి పోనివ్వలేదు.

ఆదివారం తెల్లవారగానే ఒంగోలు బస్సెక్కి, అక్కడ మారి చీమకుర్తి వెళ్ళాను. వచ్చేటప్పుడు ఆ చచ్చిన కార్డుని పట్టుకురమ్మన్నాడు, పట్టుకెళ్ళాను. వాడు మంచం అంచున కాళ్ళు దించి కూర్చుని ఉన్నాడు, తల నున్నగా దువ్వి. కార్డుని చేతిలోకి తీసుకుని, నాలాగే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఇది తాలు అని తేల్చాడు. తర్వాత దిండు కింద నుంచి కాగితం తీశాడు. మొదటి ప్రశ్న: ఈసారి రెండు తరాల వెనకది తీసుకుంటే ఎట్టా ఉంటది?

నేను నోటుబుక్కు తెరిచాను. మెమరీ దగ్గర మొదలుపెట్టి వేడి దాకా వచ్చాం. ఎదురుగా గుమ్మంలో నిలబడ్డ వాళ్ళావిడ గోడ గడియారం చూపించి, వాడు కూర్చుని గంట దాటిందని నాకు సైగ చేసింది. వాడు చూడలేదు. రెండో ప్రశ్న ఏంటో చదవమన్నాను.